మెట్ల కొలత ఎక్కడ దాచుకోవాలి?

మీ బడిలో పై అంతస్తుకు వెళ్ళడానికి ఎన్ని మెట్లు ఉన్నాయి? రోజూ ఎక్కి దిగే మెట్లే కదా, చెప్పండి చూద్దాం! చాలామంది తడబడతారు. కాళ్ళకు తెలుసు గాని నోటికి రాదు.

ఇంకో ప్రశ్న. ఒక్కొక్క మెట్టు ఎత్తు ఎంత? పాదం మోపే చోటు వెడల్పు ఎంత? "ఇదంతా ఎవరికి కావాలి?" అంటారేమో. మెట్లు కట్టేవారికి కావాలి. మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండి, ఒక్కటి మాత్రం రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉన్నదనుకోండి. మొదటి రెండు మూడు మెట్లు ఎక్కేసరికే మన కాలు ఆ ఎత్తును పట్టేస్తుంది. ఆ తరువాత చూడకుండానే అడుగు వేస్తాం. అందుకే ఆ తేడా మెట్టు దగ్గరే కాలు తగులుతుంది. ముసలివారు పడేదీ, నీళ్ళ బిందెతో ఎక్కేవారు తూలేదీ అక్కడే.

17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు వాస్తుశిల్పి ఫ్రాంస్వా బ్లాండెల్ దీనికి ఒక చిన్న సూత్రం చెప్పాడు. మెట్టు ఎత్తును రెండింతలు చేసి, పాదం మోపే వెడల్పును కలపాలి. ఆ మొత్తం మనిషి నడకలో ఒక అంగకు సమానంగా ఉండాలి. నేటి లెక్కలో అది సుమారు 60 నుంచి 64 సెంటీమీటర్లు. ఎత్తు 15, వెడల్పు 30 అయితే 15 + 15 + 30 = 60. ఎత్తు 17, వెడల్పు 28 అయితే 17 + 17 + 28 = 62. రెండూ సుఖంగా ఎక్కగల మెట్లే.

ఈ సూత్రం మీకు ఇప్పుడు తెలిసింది. మరి ఆరు నెలల తరువాత గుర్తుంటుందా? గుర్తు లేకపోతే ఎక్కడ వెతుక్కుంటారు? మన వ్యాసం ఈ రెండో ప్రశ్న గురించే.

ఉన్నా లేనట్టే!

మీ వీధిలో ఒక అక్క వాస్తుశిల్పం చదువుతున్నదనుకుందాం. ఇక్కడ వాస్తుశిల్పం అంటే ఈశాన్యం మూల బావి, ఆగ్నేయం మూల పొయ్యి అని లెక్కలు చెప్పడం కాదు. భవనాలను ఆలోచించి, గీసి, కట్టించే శాస్త్రమూ కళా కలిసిన విద్య. మన దేశంలో ఈ పట్టా చదువు ఐదేళ్ళు. ఇటుక ఎంత బరువు మోస్తుందో, మధ్యాహ్నపు ఎండ ఏ గోడ మీద పడుతుందో, పాత కోటల చరిత్ర ఏమిటో, పురపాలక సంఘం నియమాలు ఏమిటో, అన్నీ చదవాలి. ఊళ్ళు తిరిగి ఇళ్ళు కొలవాలి, బొమ్మలు గీయాలి.

రెండో సంవత్సరంలో అక్క శ్రీకాకుళం తీరానికి వెళ్ళి ఒక చుట్టిల్లు చూసింది. గుండ్రని మట్టిగోడ, దానిమీద శంకువు ఆకారంలో తాటాకు కప్పు. చూరు బాగా కిందికి దిగి ఉంది. కొన్ని కొలతలు పుస్తకంలో రాసుకుంది. ఫోనుతో ఇరవై ఫోటోలు తీసింది. ఆ ఇంటి పెద్దమ్మ చెప్పిన మాటలు కొన్ని రికార్డు చేసుకుంది.

నాలుగో సంవత్సరంలో ఆమెకు ఒక పని ఇచ్చారు: తుఫాను వచ్చినప్పుడు ఊరివాళ్ళు తలదాచుకునే భవనానికి నమూనా గీయాలి. చుట్టిల్లు చటుక్కున గుర్తుకొచ్చింది. గాలి చదునైన గోడను నేరుగా మోదుతుంది, గుండ్రని గోడ పక్కలనుంచి జారిపోతుంది. ఆ గోడ మందం ఎంతని రాసుకున్నాను? చూరు నేలకు ఎంత ఎత్తులో ఉంది? ఫోనులో వేల ఫోటోలు. పుస్తకాలు అటకమీద ఎక్కడో. రికార్డు చేసిన ఫైలుకు పేరే లేదు.

చూశారా! కష్టపడి సంపాదించిన సమాచారం పోలేదు. ఉంది. కానీ అవసరానికి చేతికి రాలేదు. అటువంటిది ఉన్నా లేనట్టే.

బల్లమీది పీతచిప్ప

20వ శతాబ్దపు ప్రసిద్ధ వాస్తుశిల్పి లె కార్బూజియే (1887–1965) పేరు మీరు విని ఉంటారు. మన చండీగఢ్ నగరానికి రూపకల్పన చేసినది ఆయనే. ఆయన జేబులో ఎప్పుడూ ఒక చిన్న పుస్తకం ఉండేది. చూసినది చూసినట్టు గీసేవాడు, పక్కన రెండు మాటలు రాసేవాడు. 1914 నుంచి 1964 వరకు ఆయన నింపిన అటువంటి పుస్తకాలు 73 దాకా దొరికాయి. తరువాత వాటిని అచ్చువేశారు కూడా.

1946లో అమెరికాలోని లాంగ్ ఐలండ్ సముద్రతీరంలో ఆయన ఒక పీతచిప్పను ఏరుకున్నాడు. అంత పలుచని చిప్ప అంత గట్టిగా ఎలా ఉందా అని ఆశ్చర్యపోయి తన దగ్గర దాచుకున్నాడు. నాలుగేళ్ళ తరువాత ఫ్రాన్సులోని రాన్‌షాంప్ అనే చోట కొండమీద ఒక ప్రార్థన మందిరం కట్టే పని వచ్చింది. ఆ మందిరానికి పైకప్పు ఎలా ఉండాలన్న ప్రశ్నకు బల్లమీద ఉన్న పీతచిప్ప జవాబు చెప్పింది. రెండు పలుచని కాంక్రీటు పొరలు, మధ్య ఖాళీ. 1955లో ఆ మందిరం పూర్తయింది.

ఇందులో గమనించవలసినది ఏమిటి? చిప్పను ఏరుకున్ననాడు అది దేనికి పనికివస్తుందో ఆయనకు తెలియదు. పనికి వచ్చిననాడు అది కంటికి ఎదురుగా ఉంది. మంచి నోటుపుస్తకం చేయవలసిన పని ఇదే. ఎప్పుడో ఏరుకున్నదాన్ని, అవసరం వచ్చిన రోజున కంటిముందు పెట్టాలి.

పల్లెకు 141 అవసరాలు

"అయితే అన్నిటినీ విషయాలవారీగా పెట్టెల్లో సర్దుకుంటే సరిపోతుంది కదా?" అని మీరు అడగవచ్చు. సరిగ్గా ఇదే ప్రశ్నతో కుస్తీ పట్టిన ఒక వాస్తుశిల్పి ఉన్నాడు. ఆయన పేరు క్రిస్టఫర్ అలెగ్జాండర్ (1936–2022). వియన్నాలో పుట్టి, ఇంగ్లండులో గణితమూ వాస్తుశిల్పమూ చదివి, అమెరికాలో పనిచేశాడు.

1960ల తొలి సంవత్సరాలలో అలెగ్జాండర్ మన గుజరాత్ రాష్ట్రంలోని ఒక పల్లెలో ఉన్నాడు. ఆరువందల మంది ఉండే ఊరికి ఏమేమి కావాలో ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాడు. పశువులకు నీళ్ళు, ఎడ్లబండి తిరిగే దారి, వంటచెరకు, ధాన్యం దాచే చోటు, ఇలా జాబితా 141 అవసరాలకు చేరింది. ఏ అవసరానికి ఏ అవసరంతో సంబంధం ఉందో కూడా గుర్తించాడు. ఆ లంకెల ఆధారంగా 141 అవసరాలను నాలుగు పెద్ద గుంపులుగా విడదీశాడు: పశువులు, బళ్ళు, వంటచెరకు ఒక గుంపు, వ్యవసాయం, నీటిపారుదల రెండోది, ఊరి ఉమ్మడి జీవితం మూడోది, ఇల్లు, సొంత జీవితం నాలుగోది. ఒక్కొక్క గుంపును మళ్ళీ చిన్న గుంపులుగా చీల్చాడు. 1964లో ఇదంతా పుస్తకంగా వచ్చింది.

దీని ఆకారం ఎలా ఉంది? బోదె నుంచి కొమ్మలు, కొమ్మలనుంచి రెమ్మలు, రెమ్మలకు ఆకులు. అచ్చంగా చెట్టులాగా ఉంది. మన కంప్యూటరులో ఫోల్డరు, అందులో ఫోల్డరు, దానిలో ఫైలు ఉండేదీ ఇలాగే. ఒక ఆకు ఒకే రెమ్మకు ఉంటుంది. రెండు రెమ్మలకు ఉండదు.

విచిత్రమేమిటంటే, మరుసటి సంవత్సరం, 1965లో, అలెగ్జాండరే "నగరం చెట్టు కాదు" అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక వ్యాసం రాశాడు! అందులో ఆయన ఒక వీధి మూలను వర్ణించాడు. అక్కడ ఒక మందుల దుకాణం ఉంది. దాని ముందర వార్తాపత్రికల స్టాండు ఉంది. పక్కనే రోడ్డు దాటేవారికోసం దీపం ఉంది. ఎర్రదీపం వెలిగినప్పుడు జనం ఆగుతారు. ఊరికే నిలబడటమెందుకని పత్రికలవైపు చూస్తారు. కొందరు కొంటారు. ఇప్పుడు చెప్పండి: ఆ దీపం "రవాణా" శాఖలోదా, "వ్యాపారం" శాఖలోదా? రెండింటిలోనూ ఉంది. కాగితంమీద వేసిన చెట్టులో దానికి ఒక్క చోటే దొరుకుతుంది. అసలు జీవితంలో అది రెండు చోట్ల పనిచేస్తోంది.

మన ఊళ్ళలో రావిచెట్టు కింది రచ్చబండను తలచుకోండి. అది చెట్టునీడ కూడా, పంచాయితీ స్థలం కూడా, బస్సుకోసం ఎదురుచూసే చోటు కూడా.

ఒక చిన్న లెక్క

అలెగ్జాండర్ ఇక్కడ ఒక గణిత విషయం చెప్పాడు. మీరు కూడా సరిచూడవచ్చు.

20 వస్తువులు ఉన్నాయనుకోండి. చెట్టు పద్ధతిలో వాటిని గుంపులు చేయాలి. ఒక గుంపు ఇంకో గుంపులో పూర్తిగా ఇమిడి ఉండాలి, లేదా పూర్తిగా విడిగా ఉండాలి. రెండు గుంపులు సగం సగం కలవకూడదు. అప్పుడు ఒకటికంటే ఎక్కువ వస్తువులున్న గుంపులు 19కి మించి రావు. నాలుగు వస్తువులతో వేసి చూడండి, మూడుకు మించవు.

ఇప్పుడు ఆ నిబంధన తీసేద్దాం. ఒక వస్తువు ఎన్ని గుంపులలోనైనా ఉండవచ్చు. ఒక గుంపు చేసేటప్పుడు ప్రతి వస్తువునూ "చేర్చాలా, వద్దా?" అని అడుగుతాం. ఒక్కొక్కదానికి రెండు జవాబులు. 20 వస్తువులకు 2ను ఇరవైసార్లు గుణించాలి. వచ్చేది 10,48,576. ఒకవైపు 19, మరోవైపు పది లక్షలకు పైన! ఫోల్డర్లను మాత్రమే నమ్ముకున్నవారు ఎన్ని కలయికలను వదులుకుంటున్నారో చూడండి.

అక్క చుట్టిల్లు ఫోటో కూడా అంతే. "శ్రీకాకుళం" అనే ఫోల్డరులో పెడితే తుఫానుల పని వచ్చినప్పుడు కనిపించదు. "తుఫానులు"లో పెడితే మట్టిగోడల పాఠం నాడు కనిపించదు. కనుక కావలసినది మరిన్ని ఫోల్డర్లు కాదు. ఒక చీటీనుంచి ఇంకో చీటీకి లంకె కావాలి.

భవనాల పుస్తకంనుంచి వికీ దాకా

1977లో అలెగ్జాండర్, ఆయన సహచరులు ఒక పెద్ద పుస్తకం ప్రచురించారు. అందులో 253 అంశాలు ఉన్నాయి. ప్రతి అంశానికీ ఒక సంఖ్య, ఒక పేరు. 159వ అంశం, గదికి రెండు వైపుల నుంచి వెలుతురు రావాలంటుంది. 167వది, ఆరు అడుగుల లోతు లేని బాల్కనీని జనం అంతగా వాడరని చెబుతుంది. 242వది, ముందు తలుపు పక్కన కూర్చోవడానికి బెంచీ ఉండాలంటుంది. మన పాత ఇళ్ళ వీధి అరుగు ఇదే పని చేస్తుంది కదా!

ప్రతి అంశం మొదట్లో "ఇది ఫలానా పెద్ద అంశాలలో భాగం" అనీ, చివర్లో "దీనిని పూర్తి చేయడానికి ఫలానా చిన్న అంశాలు చూడండి" అనీ సంఖ్యలతో సహా ఉంటుంది. అంటే పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా చదవనక్కరలేదు. లంకె పట్టుకుని ఒకదానినుంచి మరొకదానికి నడిచిపోవచ్చు.

ఈ పుస్తకం కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారిని కూడా బాగా ఆకర్షించింది. వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికా ప్రోగ్రామరు తమ పనిలోని కిటుకులను ఇలాగే చిన్న చిన్న అంశాలుగా రాసి, లంకెలు కలిపితే బాగుంటుందనుకున్నాడు. అందుకోసం ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే పేజీలను తయారు చేసి 1995 మార్చి 25న ఇంటర్నెట్‌లో పెట్టాడు. హవాయి భాషలో "వికీ" అంటే త్వరగా అని అర్థం. ఆ పేరే దానికి పెట్టాడు. 2001లో మొదలైన వికీపీడియా, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఈ పద్ధతిలో నడుస్తున్నవే. తెలుగు వికీపీడియాలో నీలిరంగు మాటను నొక్కి ఇంకో పేజీకి వెళ్ళినప్పుడు, ఆ దారికి ఒక మూలం భవనాల గురించిన పుస్తకంలో ఉందని గుర్తు చేసుకోండి.

కంప్యూటరు లేకుండా కూడా ఈ పని చేసినవారున్నారు. జర్మనీ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ (1927–1998) చెక్క సొరుగుల్లో సుమారు 90,000 కాగితపు చీటీలు పెట్టుకున్నాడు. ప్రతి చీటీకీ ఒక సంఖ్య ఉండేది. ఒక చీటీలో ఇంకో చీటీ సంఖ్య వేస్తే అదే లంకె.

అక్క కొత్త చీటీల పెట్టె

ఇప్పుడు మన అక్క తన కంప్యూటరులో ఒక పద్ధతి ఏర్పాటు చేసుకుంటున్నది. ఆమె పెట్టుకున్న నియమాలు చూద్దాం.

మొదటిది: ఒక చీటీలో ఒకే సంగతి. "శ్రీకాకుళం ప్రయాణం" అని పది పేజీలు రాస్తే దానికి లంకె వేయడం కష్టం. "గుండ్రని గోడ, గాలి" అన్నది ఒక చీటీ. "తాటాకు కప్పు చూరు ఎత్తు" ఇంకొకటి.

రెండోది: పేరు తేదీతో మొదలవ్వాలి, తేదీలో సంవత్సరం ముందు రావాలి. ఎందుకు? కంప్యూటరు పేర్లను ఎడమనుంచి కుడికి ఒక్కొక్క గుర్తునూ పోల్చి వరుసలో పెడుతుంది. 05-02-2023, 03-09-2024 అని రాస్తే, 03 చిన్నది కనుక 2024 నాటిది ముందుకు వస్తుంది. వరుస తారుమారవుతుంది. 2023-02-05, 2024-09-03 అని రాస్తే అక్షర వరుసే కాలవరుస అవుతుంది.

మూడోది: బొమ్మకు, ఫోటోకు మాటలు తోడు ఉండాలి. ఫోటో పక్కన కొలత, చోటు, ఎందుకు తీశాను అన్న ఒక్క వాక్యం. వెతికినప్పుడు దొరికేది ఆ వాక్యమే. మాటలకు పట్టే చోటు కూడా చాలా తక్కువ. కంప్యూటరులో సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. "మెట్లు" అన్న మాటలో మ, ఎత్వం, ట, పొల్లు, ల, కొమ్ము అని ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు. వెయ్యి గుర్తుల చీటీ 3,000 బైట్లు. ఒక ఫోటో 30 లక్షల బైట్లు ఉన్నదనుకుంటే, ఆ చోటులో అటువంటి చీటీలు వెయ్యి పడతాయి!

నాలుగోది: లంకె వేసినప్పుడు కారణం రాయాలి. 20 చీటీలుంటే వాటిలో జతలు 190. 200 చీటీలుంటే జతలు 19,900. అన్నిటినీ అన్నిటికీ కలిపితే అది చిక్కుపడిన దారపు ఉండ. "ఈ చూరు ఎత్తు ఎందుకంటే, గాలి లోపలికి దూరకుండా, చూడండి: గుండ్రని గోడ, గాలి" అని కారణంతో రాస్తే లంకె పనికి వస్తుంది. అనేక నోట్సు ప్రోగ్రాములలో చీటీ పేరుకు రెండు వైపులా రెండేసి చతురస్రపు బ్రాకెట్లు పెడితే లంకె పడుతుంది. అంతేకాదు, "ఈ చీటీని ఎవరెవరు పేర్కొన్నారు?" అని ప్రోగ్రాము తానే జాబితా ఇస్తుంది. అది ఎలా? చీటీలన్నిటిలో ఆ పేరు కోసం వెతుకుతుంది, అంతే. మాయ ఏమీ లేదు.

ఐదోది: నమ్మకానికి గుర్తు. 253 అంశాల పుస్తకంలో అలెగ్జాండర్ ఒక నిజాయితీ పని చేశాడు. గట్టిగా నమ్మిన అంశం పేరు పక్కన రెండు నక్షత్రాలు వేశాడు. ఇంకా మెరుగుపడాలి అనుకున్నదానికి ఒకటి. తేలనిదానికి ఏమీ వేయలేదు. అక్క కూడా స్వయంగా కొలిచినదానికి రెండు చుక్కలు, పుస్తకంలో చదివినదానికి ఒకటి, ఎవరో చెప్పగా విన్నదానికి సున్న పెట్టుకుంటుంది. నిజమైన భవనం గీసేటప్పుడు ఈ తేడా చాలా ముఖ్యం. విన్న కొలతను కొలిచిన కొలత అనుకుంటే గోడ బీటలు వారుతుంది.

తెలుగులో ఒక చిక్కు

తెలుగులో రాసుకునేవారికి ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. మన మాటలు వాక్యంలో రూపం మార్చుకుంటాయి. ఇల్లు, ఇంటిలో, ఇళ్ళు. గోడ, గోడలు. నెయ్యి, నేతి. కంప్యూటరులో "ఇల్లు" అని వెతికితే, చాలా ప్రోగ్రాములు ఆ అక్షరాలనే చూస్తాయి. "ఇంటి చూరు" అని రాసిన చీటీ దొరకదు! మనకు రెండూ ఒకటే. యంత్రానికి కావు.

ఉపాయం సులభం. ప్రతి చీటీ చివర రెండు మూడు ముఖ్యమైన మాటలను ఎప్పుడూ ఒకే రూపంలో రాయాలి: ఇల్లు, గోడ, గాలి, తుఫాను. వాక్యం ఎలా రాసినా వెతికేందుకు ఆ మాటలు ఉంటాయి. ఏ మాటలు వాడుతున్నామో ఒక జాబితా రాసుకోవాలి. లేకపోతే ఈ రోజు "తుఫాను" అనీ, రేపు "గాలివాన" అనీ రాసి మనమే తికమక పడతాం.

తొమ్మిదివందల ఏళ్ళ పుస్తకం, పదిహేనేళ్ళ డిస్కు

ఇంగ్లండు రాజు విలియం 1086లో తన రాజ్యంలోని చాలా భూములకు లెక్క రాయించాడు. తోలుపత్రాలపై సిరాతో రాసిన ఆ గ్రంథం నేటికీ చదవడానికి వీలుగా ఉంది. దానికి 900 ఏళ్ళు నిండిన 1986లో బీబీసీ సంస్థ కొత్త పద్ధతిలో అటువంటి పని చేయించింది. వేలాది పాఠశాలల పిల్లలు, అవును, మీవంటి పిల్లలే, తమ ఊళ్ళ గురించి రాశారు, ఫోటోలు తీశారు. అదంతా లేజరు డిస్కులలో భద్రపరిచారు.

పదిహేనేళ్ళు గడిచేసరికి ఏమైంది? ఆ డిస్కులను చదివే యంత్రాలు దాదాపు కనుమరుగయ్యాయి. డిస్కు చేతిలో ఉన్నా అందులో ఏముందో చూడటం కష్టమైపోయింది. 2002లో పరిశోధకులు పాత యంత్రం చేసే పనిని కొత్త కంప్యూటరుచేత చేయించి, ఆ సమాచారాన్ని బయటికి తీయగలిగారు. పిల్లల శ్రమ త్రుటిలో దక్కింది.

దీనినుంచి అక్క రెండు సంగతులు నేర్చుకుంది. ఒకటి, చీటీలు ఏ ప్రోగ్రాములోనైనా తెరుచుకునే మామూలు అక్షరాల ఫైళ్ళుగా ఉండాలి. ఒక కంపెనీ మూతపడితే మన చదువు మూతపడకూడదు. రెండోది, నకళ్ళు. మొత్తం మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాలమీద ఉండాలి. ఒకటైనా వేరే చోట ఉండాలి. ఫోను నీళ్ళలో పడవచ్చు, కంప్యూటరును దొంగ ఎత్తుకుపోవచ్చు, హాస్టలు గదిలోకి వాననీళ్ళు రావచ్చు. మూడూ ఒకేరోజు జరగవు కదా.

దాచుకోవడమే చదువు కాదు

చివరగా ఒక హెచ్చరిక. వేల చీటీలు పోగుచేసినంతమాత్రాన వాస్తుశిల్పి కారు. విత్తనాలను గాదెలో పోసినంతమాత్రాన పంట రాదు. పుస్తకంలోని పేజీని ఫోటో తీసి దాచుకుంటే చదివామన్న తృప్తి వస్తుంది గాని చదువు రాదు. అదే విషయాన్ని సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాయాలంటే ముందు అర్థం కావాలి. చేత్తో బొమ్మ గీయాలంటే ముందు సరిగా చూడాలి. అందుకే అక్క ఇప్పటికీ ఊరెళితే చిన్న పుస్తకమూ, పెన్సిలూ, టేపూ తీసుకువెళుతుంది. ఇంటికి వచ్చాక ఆ పేజీని ఫోటో తీసి, చీటీ రాసి, లంకె వేస్తుంది. ఆదివారం ఒక గంట పాత చీటీలు తిరగేస్తుంది. ఎక్కడో ఒక పీతచిప్ప కనిపిస్తుంది!

చేసి చూడండి

కంప్యూటరు లేకపోయినా ఈ పని చేయవచ్చు. పాత క్యాలెండరు కాగితాలను పోస్టుకార్డంత ముక్కలుగా కత్తిరించండి. ఇరవై చాలు. మీ బడి భవనం గురించి ఒక్కొక్క ముక్కమీద ఒక్కొక్క సంగతి రాయండి: మెట్టు ఎత్తు, మెట్టు వెడల్పు, ఏ గదిలో మధ్యాహ్నం ఉక్కగా ఉంటుంది, కిటికీలు ఎన్ని, వాననీరు ఎటు పోతుంది, విరామ సమయంలో పిల్లలు ఎక్కడ కూర్చుంటారు. ప్రతి చీటీకి సంఖ్య, తేదీ వేయండి. స్వయంగా కొలిచినదానికి రెండు చుక్కలు పెట్టండి. తరువాత చీటీలను నేలమీద పరిచి, సంబంధం ఉన్నవాటి సంఖ్యలను ఒకదానిమీద ఒకటి వేసి, కారణం రాయండి.

ఈ ప్రశ్నలకు జవాబులు వెతకండి:

1. మీ బడి మెట్లు బ్లాండెల్ సూత్రానికి సరిపోతున్నాయా? అన్ని మెట్ల ఎత్తూ ఒకటేనా? తేడా ఉంటే ఏ మెట్టు?

2. ఎక్కువ లంకెలు వచ్చిన చీటీ ఏది? ఎందుకు?

3. 30 చీటీలుంటే వాటిలో ఎన్ని జతలు ఏర్పడతాయి?

మొదటి ప్రశ్నలో తేడా ఉన్న మెట్టు ఏదైనా దొరికితే మీ ప్రధానోపాధ్యాయునికి చీటీ చూపండి. దాని అంచుకు తెల్లరంగు పూస్తే ఎక్కేవారికి, దిగేవారికి ముందే కనబడుతుంది. ఒక చిన్న చీటీ ఒక కాలు విరగకుండా కాపాడవచ్చు.